ఆయిల్ కంపెనీల టెక్నికల్ పరీక్షకు ఎట్ల ప్రిపేర్ కావాలె: మన వరంగల్ సైడ్ డిప్లొమా, బీఎస్సీ పిల్లల కోసం

ఇండియన్ ఆయిల్ నోటిఫికేషనో, హెచ్‌పీసీఎల్ వైజాగ్ రిఫైనరీదో పడ్డదంటే చాలు, హన్మకొండ, కాజీపేట, కరీంనగర్, మంచిర్యాల నుంచి పిల్లలు అడిగేది ఒకటే: అన్నా ఏ బుక్ కొనాలె, ఏ కోచింగ్‌కు పోవాలె, జీకే ఎంత చదవాలె. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పుడు అయితలేదు, అందుకే మొత్తం ఒక్కకాడ రాస్తున్న.

ముందే ఒక మాట. ఇది గ్రూప్ 4 లెక్క చదివే పరీక్ష కాదు. మనోళ్లు గ్రూప్స్ అలవాటుతోని కరెంట్ అఫైర్స్ పుస్తకాలు ముందేసుకుంటరు, తీరా పరీక్షల పంపు గురించి, హీట్ ఎక్స్ఛేంజర్ గురించి వరసగా అడిగితే చేతులెత్తేస్తరు. ఇండియన్ ఆయిల్ జూనియర్ ఇంజనీరింగ్ అసిస్టెంట్ పోస్టులకు ఇంతకుముందు పెట్టిన పరీక్షల 100 మార్కుల్ల 75 మీ సబ్జెక్టుకే, 15 న్యూమరికల్ ఎబిలిటీకి, 10 జనరల్ అవేర్‌నెస్‌కు. ఇగ దేని మీద కూసోవాలెనో మీకే అర్థమైతది.

కావాల్సినవి ఇవి:
- నోటిఫికేషన్ పీడీఎఫ్ ప్రింటు, ఫోన్ల చూసుడు కాదు, కాగితం మీద
- మీ డిప్లొమా లేదా డిగ్రీ సొంత పుస్తకాలు, పాత నోట్సు
- ఒక లాంగ్ నోట్‌బుక్, తప్పుల కోసం మాత్రమే
- కంప్యూటరో ల్యాప్‌టాపో, సొంతది లేకపోతే నెట్ సెంటర్ అయినా సరే, వారానికి ఒక్కసారి మాక్ టెస్టుకు
- క్యాస్ట్, ఇన్‌కమ్ కాగితాలు, వీటి సంగతి రెండో స్టెప్పుల చెప్త

కొత్త పుస్తకాల కట్ట ఈ లిస్టుల లేదు చూడండి, కావాలనే పెట్టలే.

1. నోటిఫికేషన్‌ను పెన్ను పట్టుకొని చదవండి

అర్హత కాడనే సగం మంది తప్పు చేస్తరు. ప్రొడక్షన్ పోస్టుకు కెమికల్, పెట్రోకెమికల్, రిఫైనరీ లాంటి డిప్లొమాగాని, మ్యాథ్స్ ఫిజిక్స్ కెమిస్ట్రీ ఉన్న బీఎస్సీగాని అడుగుతరు. మన డిగ్రీ కాలేజీలల్ల ఎంపీసీ ఉంటది, ఎంపీసీఎస్ ఉంటది. ఎంపీసీఎస్‌ల కెమిస్ట్రీ బదులు కంప్యూటర్స్, అది నడవది. పేర్లు ఒక్కతీరుగ ఉన్నయని ఫీజు కట్టి అప్లై చేసి, రాత పరీక్ష పాసయ్యినంక సర్టిఫికెట్ల కాడ ఆగిపోవుడు అవసరమా.

ఇంకోటి, డిప్లొమా అయినంక ఈసెట్ రాసి బీటెక్ చేసినోళ్లు జర ఆగండి. ఇంతకుముందు నోటిఫికేషన్లల్ల బీటెక్ లాంటి పై ప్రొఫెషనల్ డిగ్రీ ఉన్నోళ్లను ఈ అసిస్టెంట్ పోస్టులకు తీస్కోమని రాసి ఉన్నది. దాచిపెట్టి చేరినా తర్వాత తెలిస్తే తీసేస్తరు. మీ దారి గేటు (ఇంజనీరింగ్ వాళ్లకు దేశమంతా పెట్టే GATE పరీక్ష) లేదా ఆఫీసర్ పరీక్ష, దాని గురించి కింద రాసిన.

అనుభవం కూడ చూడండి. రిఫైనరీ, పెట్రోకెమికల్, ఫర్టిలైజర్, హెవీ కెమికల్ ప్లాంట్లల్ల ఏడాది పనిచేసి ఉండాలె అని ఇండియన్ ఆయిల్ చాలా పోస్టులకు అడిగింది. అది లేకపోతే ముందు అప్రెంటిస్‌షిప్ పట్టండి. ఆయిల్ కంపెనీలే ట్రేడ్ అప్రెంటిస్, టెక్నీషియన్ అప్రెంటిస్ తీస్తయ్, డిప్లొమా వాళ్లు నాట్స్ అనే కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌ల పేరు రిజిస్టర్ చేస్కొని పెట్టుకోండి. మనకు దగ్గర్ల రామగుండంల ఆర్‌ఎఫ్‌సీఎల్ ఎరువుల ఫ్యాక్టరీ ఉన్నది, అమ్మోనియా యూరియా ప్లాంటు అంటే కంప్రెసర్లు, కాలమ్‌లు, ఎక్స్ఛేంజర్లు అన్నీ ఉన్నట్టే. అసొంటి కాడ ఏడాది ఉన్నోడికి, పుస్తకంల బొమ్మ చూసినోడికి పరీక్షల తేడా కొట్టొచ్చినట్టు కనబడ్తది.

ప్రింటు మీద ఐదు చోట్ల గీత కొట్టండి: అర్హత, పర్సెంటేజీ, వయసు ఏ తారీకుకు లెక్కిస్తరో ఆ తారీకు, మార్కుల పంపకం, నెగెటివ్ మార్కింగ్ ఉందా లేదా. పర్సెంటేజీ కాడ సీజీపీఏ ఉన్నోళ్లు ఊరికే పదితోని గుణించి వేయకండి, మీ యూనివర్సిటీ ఫార్ములా ఏదో అదే వాడాలె, దానికి యూనివర్సిటీ నుంచి కాగితం కూడ తీస్కోండి.

2. సర్టిఫికెట్ల పని ఇప్పుడే మొదలుపెట్టండి

చదువు కంటే ముందు ఇది ఎందుకు పెట్టిన అంటే, మీసేవల అప్లై చేసినంక తహసీల్దార్ ఆఫీసు నుంచి ఎప్పుడొస్తదో ఎవ్వరం చెప్పలేం కాబట్టి. మన దగ్గర ఉండే బీసీ క్యాస్ట్ సర్టిఫికెట్ రాష్ట్ర ప్రభుత్వ ఫార్మాట్. ఆయిల్ కంపెనీలు కేంద్ర ప్రభుత్వ సంస్థలు, వాటికి ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ సెంట్రల్ ఫార్మాట్‌ల కావాలె. బీసీ ఏ, బీ, డీ అని రాసి ఉన్న కాగితం తీస్కపోతే పక్కకు పెడ్తరు.

ఇంకా ముఖ్యమైంది, రాష్ట్రంల బీసీ అయినంత మాత్రాన సెంట్రల్ ఓబీసీ లిస్టుల ఉన్నట్టు కాదు. మీ కులం పేరు తెలంగాణ కింద సెంట్రల్ లిస్టుల ఉందా లేదా, స్పెల్లింగ్ తోని సహా, జాతీయ బీసీ కమిషన్ వెబ్‌సైట్‌ల చూస్కోండి. లేకపోతే అప్లికేషన్‌ల జనరల్ కింద పెట్టుకోవాలె, ఆదాయం 8 లక్షల లోపు ఉండి మిగతా షరతులు కుదిరితే ఈడబ్ల్యూఎస్ అయితదేమో కనుక్కోండి. సర్టిఫికెట్ తారీకు పాతదైతే కూడ ఒప్పుకోరు, ఏ తారీకు తర్వాతది కావాల్నో నోటిఫికేషన్‌లనే ఉంటది.

పేరు కూడ చూస్కోండి. టెన్త్ మెమోల ఇంటిపేరు పొట్టి అక్షరం, ఆధార్‌ల పూర్తిగ, డిప్లొమాల ఇంకో తీరు, ఇట్ల ఉన్నోళ్లు మస్తు మంది. టెన్త్ మెమో ప్రకారమే ఆధార్ సరిచేయించుకోండి.

3. చదవకముందే ఒక పాత పేపర్ రాయండి

ఇది ఎవ్వరికి నచ్చది. గాని ఏం చదవకుండ టైమ్ పెట్టుకొని ఒక పాత పేపర్ రాస్తే మీ అసలు రంగు తెలుస్తది. దొరకకపోతే గేటు పాత పేపర్లు ఫ్రీగ దొరుకుతయ్, మీ బ్రాంచ్‌ల ఒక మార్కు ప్రశ్నలు మాత్రం తీస్కోండి, రెండు మార్కులవి ఈ అసిస్టెంట్ పరీక్షకు ఎక్కువ బరువు. తప్పైన ప్రతి ప్రశ్న పక్కన మూడు అక్షరాల్ల ఒకటి రాయండి: తె అంటే అసలు తెలియదు, మ అంటే చదివి మర్చిపోయిన, తొ అంటే తొందరల తప్పు చేసిన. చాలామందికి మ, తొ లే ఎక్కువ వస్తయ్. అట్లాంటప్పుడు కొత్త పుస్తకం కొంటే ఏం లాభం చెప్పండి.

4. టెక్నికల్, ఇక్కడ ఎక్కువ టైమ్ పెట్టండి

కెమికల్, బీఎస్సీ వాళ్లకు: ఫ్లూయిడ్ మెకానిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్, మాస్ ట్రాన్స్‌ఫర్ల డిస్టిలేషన్, థర్మోడైనమిక్స్, స్టాయికియోమెట్రీ, పెట్రోలియం రిఫైనింగ్. బీఎస్సీ పిల్లలకు మొదటి మూడు కొత్త, భయపడకండి, ఎన్‌పీటీఎల్‌ల ఐఐటీ సార్ల వీడియోలు ఫ్రీగనే ఉన్నయ్, మొత్తం కోర్సు చూడకండి, బేసిక్స్ వారాలు చూసి లెక్కలు చేయండి. మెకానికల్ వాళ్లకు పంపులు, కంప్రెసర్లు, బేరింగులు, మెకానికల్ సీల్, అలైన్‌మెంట్, బాయిలర్. ఎలక్ట్రికల్ వాళ్లకు మోటర్లు, ట్రాన్స్‌ఫార్మర్, ప్రొటెక్షన్, మంటలంటుకునే ఏరియాల వాడే ఫ్లేమ్‌ప్రూఫ్ ఎక్విప్‌మెంట్. ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లకు ట్రాన్స్‌మిటర్లు, కంట్రోల్ వాల్వ్‌లు, పీఐడీ, థర్మోకపుల్, ఆర్‌టీడీ.

ఎట్ల చదవాలెనో ఒక లెక్కతోని చూపిస్త. హీట్ ఎక్స్ఛేంజర్ల వేడి నూనె 150 డిగ్రీల నుంచి 90కి దిగుతుంది, నీళ్లు 30 నుంచి 70కి ఎక్కుతయ్, కౌంటర్ ఫ్లో (రెండూ ఎదురెదురుగ పారుడు), ఎల్‌ఎమ్‌టీడీ (రెండు చివర్ల టెంపరేచర్ తేడాల లాగ్ సగటు) ఎంత? ఒక చివర 150 లకెళ్లి 70 తీస్తే 80. ఇంకో చివర 90 లకెళ్లి 30 తీస్తే 60. తేడా 20, దాన్ని 80 బై 60 నేచురల్ లాగ్‌తోని భాగిస్తే, అంటే 0.2877తోని, 69.5 డిగ్రీలొస్తది. అదే ప్యారలల్ ఫ్లో (రెండూ ఒకే దిక్కుకు పారుడు) అయితే చివర్లు 120, 20 అయితయ్, జవాబు 55.8. ఇప్పుడు ఆప్షన్లు చూడండి, 69.5, 55.8, 70 మూడూ ఉంటయ్. 70 ఏందంటే మామూలు సగటు, రెండు ఫ్లోలకు అదే వస్తది, తొందర పడ్డోడు దాన్నే కొడ్తడు. చెక్ చేసుడు సులువు: ఎల్‌ఎమ్‌టీడీ ఎప్పుడూ మామూలు సగటు కంటే ఎక్కువ రాదు, అవే టెంపరేచర్లకు కౌంటర్ ఫ్లో జవాబు ప్యారలల్ కంటే ఎక్కువుండాలె. ఒక్క లెక్కల నాలుగు ప్రశ్నలకు సరిపడ సరుకున్నది, ఇట్ల పిండుకోవాలె ఒక్కోదాన్ని.

ఇన్‌స్ట్రుమెంటేషన్ల ఇసొంటిదే. ట్రాన్స్‌మిటర్ రేంజి 0 నుంచి 200 డిగ్రీలు, అవుట్‌పుట్ 4 నుంచి 20 మిల్లీయాంప్. 8 మిల్లీయాంప్ వస్తే టెంపరేచర్ ఎంత? మస్తు మంది 8 ని 20తోని భాగించి 80 డిగ్రీలంటరు. తప్పు. సున్నా 4 కాడ మొదలైతది కాబట్టి ముందు 4 తీసేయాలె, మిగిలిన 4 ని 16తోని భాగిస్తే పావు వంతు, అంటే 50 డిగ్రీలు. మీ ఫార్ములాల 4 పెడితే 0, 20 పెడితే 200 రావాలె, రాకపోతే ఫార్ములానే తప్పు.

గేజ్ ప్రెషర్ (బయటి గాలి ప్రెషర్ కంటే ఎంత ఎక్కువో అది), అబ్సల్యూట్ ప్రెషర్ (గాలిది కూడ కలిపిన మొత్తం) కలిపేసుడు ఇంకో పెద్ద జబ్బు. గ్యాస్ లెక్కలల్ల ప్రెషర్ అబ్సల్యూట్, టెంపరేచర్ కెల్విన్. మూసి ఉన్న ట్యాంకుల గేజ్ మీద చదరపు సెంటీమీటరుకు 3 కేజీలున్నది, 27 డిగ్రీల నుంచి 87కి వేడి చేసినం అంటే, ముందు గాలి ప్రెషర్ 1.033 కలపాలె, 360 బై 300 తోని గుణించాలె, మళ్ల 1.033 తీయాలె, 3.8 కేజీల చిల్లర గేజ్ వస్తది. 87 బై 27 వేసినోడికి తొమ్మిదిన్నర దాటి వస్తది. అరవై డిగ్రీలకే ప్రెషర్ మూడింతలైతదా అని ఒక్క సెకను ఆగితే చాలు, తప్పు దానంతట అదే దొరుకుతది.

థియరీ ప్రశ్నలను ప్లాంటుల జరిగే పని లెక్క గుర్తుపెట్టుకోండి. సెంట్రిఫ్యూగల్ పంపును డిశ్చార్జ్ వాల్వ్ మూసి స్టార్ట్ చేస్తరు, మోటర్ మీద లోడు తక్కువ పడ్తది కాబట్టి. రెసిప్రొకేటింగ్ పంపుకు అదే పని చేస్తే ప్రెషర్ పెరుక్కుంట పోయి ఏదో ఒకటి పగులుతది, అందుకే దానికి రిలీఫ్ వాల్వ్. సక్షన్ వాల్వ్ సగం మూస్తే ఎన్‌పీఎస్‌హెచ్ (పంపు సక్షన్ కాడ ఉండాల్సిన ప్రెషర్) తగ్గి క్యావిటేషన్ (ఆవిరి బుడగలు పుట్టి పగులుడు), లోపల గులకరాళ్లు పోసినట్టు సప్పుడు. మన బాయికాడి మోటర్‌ను చూసిన పిల్లలకు ఇందుల సగం తెలిసినదే, పేర్లు మాత్రమే కొత్త.

5. రిఫైనరీ బొమ్మ గియ్యండి, ఏ బ్రాంచ్ అయినా సరే

తెల్ల కాగితం మీద ఎడమ పక్క క్రూడ్ ట్యాంక్ నుంచి మొదలుపెట్టండి. డీసాల్టర్ల ఉప్పు, నీళ్లు తీస్తరు, తీయకపోతే తర్వాత యాసిడ్ తయారై కాలమ్ పైభాగం తింటది. తర్వాత ఫర్నేసు, అట్మాస్ఫెరిక్ కాలమ్. పైనుంచి కిందికి గ్యాసు, నాఫ్తా, కిరోసిన్, డీజిల్, అడుగున మిగిలింది వ్యాక్యూమ్ కాలమ్‌కు. వ్యాక్యూమ్ ఎందుకు? మామూలు ప్రెషర్ల ఇంకా వేడి చేస్తే మరగకముందే క్రాకింగ్ అయి (పెద్ద అణువులు విరిగి) కోక్ (గట్టి బొగ్గు) పట్టుకుంటది కాబట్టి. వ్యాక్యూమ్ గ్యాస్ ఆయిల్ ఎఫ్‌సీసీకో హైడ్రోక్రాకర్‌కో (బరువు నూనెను విరగ్గొట్టే యూనిట్లు), అడుగుది కోకర్‌కో తారుకో. నాఫ్తా రిఫార్మర్ల ఆక్టేన్ పెంచుకుంటది, డీజిల్ల సల్ఫర్ హైడ్రోట్రీటర్ తీస్తది, అట్ల వచ్చిన హెచ్‌టూఎస్ (హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాసు) అమైన్ యూనిట్ మీదుగ పోయి క్లాస్ ప్రాసెస్‌ల గంధకమైతది.

చూడకుండ పది నిమిషాల్ల ఈ బొమ్మ గియ్యగలిగితే వచ్చినట్టు. పక్కన ఇవి రాస్కోండి: పెట్రోల్‌కు ఆక్టేన్, డీజిల్‌కు సీటేన్, బీఎస్ 6 దేశమంతా 2020 ఏప్రిల్ 1 నుంచి, సల్ఫర్ 10 పీపీఎమ్ మించొద్దు, ఏపీఐ గ్రావిటీ అంటే 141.5 ని స్పెసిఫిక్ గ్రావిటీతోని భాగించి 131.5 తీసేయాలె, నీళ్లకు 10 వస్తది, 0.85 ఉన్న నూనెకు 35. బ్యారెల్ అంటే దాదాపు 159 లీటర్లు.

సేఫ్టీ ప్రశ్నలు కూడ ఇందుల్నే కలిపి చదవండి. హెచ్‌టూఎస్ కుళ్లిన గుడ్డు వాసన అని అందరు రాస్తరు, గాని మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెల్వదు, వాసన లేదు కాబట్టి ప్రమాదం లేదు అన్న ఆప్షన్ ఎప్పుడూ తప్పే. నూనె మంట మీద నీళ్ల జెట్ కొట్టరు, ఫోమ్ వాడ్తరు.

6. ఆప్టిట్యూడ్, జీకే

ఆప్టిట్యూడ్ రోజుకు అరగంట, పర్సెంటేజీలు, రేషియో, టైమ్ అండ్ వర్క్, సిరీస్, డేటా టేబుళ్లు. హెచ్‌పీసీఎల్ వైజాగ్ టెక్నీషియన్ పరీక్షల జనరల్ ఆప్టిట్యూడ్ వేరే భాగంగ ఉన్నది, ఇంగ్లీష్ కూడ అందులనే, కాబట్టి దానికి రాసేటోళ్లు ఇంకొంచెం ఎక్కువ పెట్టాలె. పేపర్ తెలుగుల వస్తదని మాత్రం ఆశ పెట్టుకోకండి, తెలుగు మీడియమోళ్లు టెక్నికల్ పదాలు ఇంగ్లీష్‌లనే చదవండి మొదటి రోజు నుంచి.

జీకే చివరి రెండు వారాలు చాలు. మన రంగానికి సంబంధించింది చూస్కోండి: దిగ్బోయ్ రిఫైనరీ 1901, వైజాగ్, మంగళూరు, పాదూరుల వ్యూహాత్మక క్రూడ్ నిల్వలు, ఏ రిఫైనరీ ఏ కంపెనీది.

7. బీటెక్ వాళ్లకు గేటు

ఏ కంపెనీ ఏ ఏడాది గేటు మీద తీస్తదో, సొంత కంప్యూటర్ పరీక్ష పెడ్తదో మారుతుంటది, ఒక్కదాన్నే నమ్ముకోకండి. గేటు 3 గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు, జనరల్ ఆప్టిట్యూడ్‌కు 15. స్కోరు 3 ఏండ్లు చెల్లుతది. ఒక మార్కు మల్టిపుల్ చాయిస్ తప్పైతే మూడో వంతు, రెండు మార్కులదైతే మూడింట రెండు వంతులు కోత. నంబరు టైపు చేసే ప్రశ్నలకు, ఒకటికంటే ఎక్కువ జవాబులుండే వాటికి కోత లేదు, అవి ఖాళీగ వదిలిపెట్టుడు అంటే చేతికొచ్చింది పారేసుకున్నట్టే. సొంత క్యాలిక్యులేటర్ తీస్కపోనియ్యరు, స్క్రీన్ మీదిదే, మౌస్‌తోని నొక్కుడు ఇంటికాడనే అలవాటు చేస్కోండి.

8. మాక్ టెస్టు, తప్పుల పుస్తకం

వారానికి ఒక్కటి చాలు, గాని దాన్ని సరిచూసుకునుడు పరీక్ష రాసినంత సేపు కావాలె. తప్పుల నోట్‌బుక్‌ల ప్రశ్న మొత్తం రాయొద్దు, ఎక్కడ జారినమో ఒక్క లైను: గేజ్ ప్రెషర్‌కు 1.033 కలపలేదు, ఇట్ల. మూడు వారాలకొకసారి అవే లైన్లు మూసుకొని మళ్ల లెక్క చేయండి.

మార్కులు పెరిగినయా లేదా అని మాత్రమే చూడకండి. తొ అక్షరం తప్పులు తగ్గుతున్నయా చూడండి. తె తగ్గి తొ పెరిగితే స్పీడు ఎక్కువైందని అర్థం, ఆ వారం కొత్త చాప్టర్ ముట్టకండి. స్కోరు ఆగిపోతే పరీక్ష ఏ సైటుదో మార్చి చూడండి, ఒకే సైటుల రాస్తుంటే ప్రశ్నలు కంఠస్తం అయిపోతయ్, పెరిగినట్టు కనబడ్తది గాని పెరగది.

నెగెటివ్ మార్కింగ్ లేని పరీక్షైతే చివరి ఐదు నిమిషాలల్ల మిగిలినవన్నీ పెట్టేయండి, ఒక్కటి కూడ వదలొద్దు.

9. పరీక్ష రోజు

సెంటర్ హైదరాబాద్‌ల పడితే, అదీ ఊరవతల ఏదో ఇంజనీరింగ్ కాలేజీల పడితే, పొద్దున షిఫ్టుకు కాజీపేటల రైలెక్కి టైమ్‌కు అందుకుంట అనుకోకండి, ముందురోజే పోయి చుట్టాలింట్లనో లాడ్జిలనో ఉండండి. సెంటర్ గేటు టైమ్‌కు మూస్తరు, ఆ తర్వాత ఎంత బతిమిలాడినా తెరవరు. అడ్మిట్ కార్డు, ఒరిజినల్ ఐడీ, ఫోటో, అడ్మిట్ కార్డు మీద ఏది రాసుంటే అది. లోపల జవాబు పెట్టినంక సేవ్ అండ్ నెక్స్ట్ నొక్కాలె, పక్కన ప్యాలెట్ల రంగు మారిందో లేదో చూడాలె, ప్రశ్న నంబరు మీద నొక్కి దూకితే జవాబు సేవ్ కాదు.

10. రాత పరీక్ష అయినంక

స్కిల్ టెస్టు, ఫిజికల్ టెస్టు ఎక్కువగ క్వాలిఫై అయితే చాలు, మార్కులు కలవయ్. కాని ఫెయిలైతే మొత్తం పాయె. నోటిఫికేషన్‌ల ఏం చేయమన్నరో చూసి, పరుగైనా బరువు మోసుడైనా రాత పరీక్షకు నెల ముందు నుంచే పొద్దున పూట మొదలుపెట్టండి. స్కిల్ టెస్టుల మీ ట్రేడు పనిముట్ల పేరు, వాడుక అడుగుతరు.

మెడికల్‌ల కండ్ల సంగతి ముఖ్యం, రంగులు గుర్తుపట్టుడు చాలా ఫీల్డ్ పోస్టులకు అడ్డమొస్తది. ఏదన్నా కండ్ల డాక్టర్ కాడ ఇషిహారా టెస్టు ముందే చేయించుకోండి, తేడా ఉంటే ఏ పోస్టుకు అప్లై చేయాల్నో మెడికల్ రూల్సు చూసి తేల్చుకోవచ్చు, నెలల తరబడి చదివినంక తెలిసేకంటే నయం.

ఇగ ఆఖరుది, పైసలు. రిజల్ట్ వచ్చే టైమ్‌ల ఒకడు ఫోన్ చేస్తడు, ఆఫర్ లెటర్ పంపిస్తడు, లోగో అచ్చం అట్లనే ఉంటది, సెక్యూరిటీ డిపాజిట్ ఇంత కట్టమంటడు. ఏ ప్రభుత్వ ఆయిల్ కంపెనీ ఉద్యోగానికి డిపాజిట్ అడగది, అప్లికేషన్ ఫీజు తప్ప, అది కూడ వాళ్ల వెబ్‌సైట్‌లనే కట్టాలె. లెటర్ జీమెయిల్ నుంచి వస్తే చదవాల్సిన పనే లేదు, కంపెనీ సొంత వెబ్‌సైట్‌ల కెరీర్స్ పేజీల మీ రోల్ నంబరుందో లేదో చూడండి. ఇంట్ల అమ్మానాయినకు కూడ చెప్పి పెట్టండి, ఆ ఫోన్లు ఎక్కువ వాళ్లకే వస్తున్నయ్.